ఆసుపత్రి మంచం మీద రోబో కుక్కపిల్ల: ఎంచుకోవడం దగ్గర్నుంచి ఉతకడం దాకా

కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) పిల్లల వార్డులోనో, అమలాపురంలోనో, విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా కేన్సర్ ఆసుపత్రిలోనో మీ బిడ్డ వారాల తరబడి ఉండాల్సి వచ్చిందనుకోండి. జబ్బు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. రాత్రి లైట్లు తీసేశాక "అమ్మా, మన దూడ నన్ను మర్చిపోతుందా?" అని అడిగితే మాత్రం జవాబు చెప్పాల్సింది మీరే. గోదావరి జిల్లాల్లో పెరిగే పిల్లల్లో చాలామందికి దూడో, కుక్కో, కోడిపిల్లలో, చేలో తిరిగే బాతులో ఏదో ఒకటి తోడుంటుంది. వాటిని వదిలొచ్చిన బెంగ కూడా జబ్బుతో పాటే మంచమెక్కుతుంది.

తడిమితే తల తిప్పే, పిలిస్తే పలికే రోబో పెంపుడు జంతువుల్ని కొన్ని దేశాల్లో పిల్లల ఆసుపత్రుల్లో ఇలాంటి బెంగ కోసమే వాడి చూశారు. అంత ఖరీదైనవి మనకి అక్కర్లేదు. చౌకవాటితో ఈ పని ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో వరసగా చెబుతాను.

అసలు ఇది ఎందుకు పనిచేస్తుందో ముందు తెలియాలి. ఆసుపత్రిలో ఉన్న పిల్లలకి రోజంతా ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. సూది గుచ్చుతారు, మందు మింగమంటారు, చెయ్యి కదపొద్దంటారు. ఆ బిడ్డకి మాత్రం ఎవరికైనా ఏదైనా చేసే వీలుండదు. బొమ్మ జంతువు వస్తే, తను చూసుకోవాల్సింది ఒకటి దొరుకుతుంది. తను చెబితే వినేది, తను పడుకోబెడితే పడుకునేది. కొనేటప్పుడూ, ఇచ్చేటప్పుడూ, ఆడించేటప్పుడూ ఏ నిర్ణయమైనా దీన్ని బట్టే తీసుకోండి.

నిజం కుక్కపిల్లని ఎందుకు రానివ్వరు

పిల్లల్లో ఎక్కువగా వచ్చే కేన్సర్ ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త కేన్సర్. దానికి వైద్యం రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నడుస్తుంది. కీమో ఇచ్చిన వారం, పది రోజులకి తెల్లకణాలు బాగా పడిపోతాయి. "కౌంట్స్ పడిపోయాయి" అని డాక్టర్లు అనేది దీన్నే. అప్పుడు మామూలు పిల్లలకి ఏమీ చేయని క్రిములు కూడా ప్రాణం మీదికి తెస్తాయి. కోడిపిల్లలు, బాతుపిల్లలు, తాబేళ్ళ నుంచి సాల్మొనెల్లా రావచ్చు. పిల్లి పెంటలో టాక్సోప్లాస్మా ఉండొచ్చు. దూడ ఒంటి మీది తామర మనిషికి అంటుకుంటుంది. కిడ్నీ జబ్బుకి స్టెరాయిడ్లు వాడే పిల్లలకీ, ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్ళకీ ఇదే భయం. అందుకే ఎంత బతిమాలినా సిస్టర్ ఒప్పుకోదు. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి.

మొదటి పని: కొనకముందే అడగండి

రౌండ్స్‌కి వచ్చినప్పుడు డాక్టరుగారిని రెండు సంగతులు అడగండి: "ఇప్పుడు కౌంట్స్ ఎలా ఉన్నాయి, బొచ్చు ఉన్న బొమ్మ దగ్గర పెట్టుకోవచ్చా?" "బిడ్డకి మూర్ఛ లాంటిది ఏమైనా ఉందా, మెరిసే లైట్లున్న బొమ్మ ఇవ్వొచ్చా?" మిగతావన్నీ స్టాఫ్ నర్సుని అడగాల్సినవి. ఆ వార్డులో ఏది నడుస్తుందో, ఏది నడవదో ఆవిడకే తెలుసు. ఐసీయూలోకి బొమ్మలు రానిస్తారా, ఏ మందుతో తుడవాలి, రాత్రి ఎన్నింటికల్లా చప్పుడు ఆపేయాలి, ఇవన్నీ ఆవిడతోనే తేల్చుకోండి. చెప్పకుండా తెచ్చి దుప్పటి కింద దాచిపెడితే బయటపడిన రోజు బొమ్మ పోతుంది, బిడ్డ ఏడుస్తాడు.

ఆక్సిజన్ మాస్క్ ఉన్నంతసేపు మోటారు, బ్యాటరీ ఉన్న బొమ్మల్ని మంచం మీద పెట్టకండి. ఎమ్మారై గదిలోకి ఇలాంటిది ఏదీ పోకూడదు, అయస్కాంతం లాగేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లలకి గట్టి ప్లాస్టిక్ అంచు తగిలినా చర్మం కమిలిపోతుంది. వాళ్ళకి మెత్తటిదే వెతకాలి.

రెండో పని: పెద్ద రోబోల నుంచి ఏం నేర్చుకోవాలో చూడండి

ఇది కొనడానికి కాదు, తెలుసుకోవడానికి. జపాన్‌లో తకనోరి షిబటా అనే ఇంజనీరు 1993 నుంచి పనిచేసి పారో అనే సీల్ పిల్లని తయారుచేశారు. తెల్లటి బొచ్చు, రెండున్నర కిలోల పైన బరువు, తాకితే కళ్ళు మూసి తెరుస్తుంది, పేరు పెట్టి పిలుస్తూ ఉంటే పోనుపోను ఆ పేరుకి తిరుగుతుంది. అమెరికాలో 2009లో దాన్ని వైద్య పరికరంగా గుర్తించారు. ఖరీదు సుమారు 6,000 డాలర్లు, మన డబ్బుల్లో అయిదు లక్షలు దాటుతుంది. ఎక్కువగా వాడింది మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళ దగ్గర, ఆ తర్వాతే పిల్లల దగ్గర.

షిబటా కుక్కనీ, పిల్లినీ కాదని సీల్‌ని ఎందుకు ఎంచుకున్నారన్నది మనకి పనికొచ్చే సంగతి. నిజం పిల్లి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. బొమ్మ పిల్లి ఒళ్ళోకి రాగానే "ఇది పిల్లిలా లేదే" అనిపిస్తుంది. నిజం సీల్‌ని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి పోల్చి చూసి పెదవి విరవరు. మీ ఇంట్లో నిజం కుక్క ఉండి, దాని మీదే బెంగ పెట్టుకున్న బిడ్డకి బొమ్మ కుక్క తెచ్చి ఇస్తే "ఇది మన టామీ కాదు" అని పక్కన పడేసే అవకాశం ఎక్కువ. అలాంటి బిడ్డకి ఎలుగుబంటో, పెంగ్విన్‌నో ఇంట్లో లేని జంతువు నయం. ఇంట్లో ఏమీ లేని బిడ్డకైతే కుక్కపిల్ల హాయిగా నడుస్తుంది.

అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఇంకో ప్రయత్నం జరిగింది. ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో సింథియా బ్రెజీల్ బృందం చేసిన నీలం రంగు ఎలుగుబంటి పేరు హగ్గబుల్. 3 నుంచి 10 ఏళ్ళ మధ్య వయసున్న 54 మంది పిల్లల్లో కొందరికి రోబో ఎలుగు, కొందరికి టాబ్లెట్ తెర మీద కనిపించే ఎలుగు, కొందరికి మామూలు గుడ్డ ఎలుగు ఇచ్చి చూశారు. ఫలితాలు 2019లో పిడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. రోబోతో ఆడుకున్న పిల్లలు ఎక్కువ సంతోషంగా కనిపించారు. అయితే ఆ ఎలుగు దానంతటది మాట్లాడలేదు. పిల్లల్ని ఆడించడంలో శిక్షణ పొందిన మనిషి ఒకరు కంప్యూటరు ముందు కూర్చుని దాని గొంతుతో మాట్లాడారు. మాటంతా మనిషిదే. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

మూడోది బాతు. అమెరికాలో అఫ్లాక్ అనే బీమా కంపెనీ 2018 నుంచి కేన్సర్ పిల్లలకి ఉచితంగా ఇస్తున్న రోబో బాతు ఇది. దాని ఛాతీ మీద ఒక్కో బొమ్మ ముఖం ఉన్న బిళ్ళ ఆనిస్తే బాతు ఆ బిళ్ళకి తగ్గట్టు ఏడుపుగానో, కులాసాగానో పలుకుతుంది. బిడ్డకి కీమో ఎక్కించినట్టే బాతుకీ ఎక్కించి ఆడుకోవచ్చు. పై చర్మం తీసి ఉతకొచ్చు. ఈ మూడు ఆలోచనలూ మనం చౌకగా చేసుకోగలిగినవే.

సోనీ కంపెనీ రోబో కుక్క ఐబో గురించి కూడా వినే ఉంటారు. టోక్యోలోని జాతీయ పిల్లల వైద్య కేంద్రంలో దాన్ని చిన్న రోగుల దగ్గర వాడి చూశారు. ముచ్చటైనదే కానీ దాని ముక్కులో కెమెరా ఉంటుంది, ఇంటర్నెట్‌కి కలిపి ఉంటుంది. పక్క మంచాల పిల్లలందరూ కెమెరాలో పడే జనరల్ వార్డులో అలాంటిది వద్దు.

మూడో పని: ఎంచుకోండి

భీమవరం, రాజోలు వైపు చాలా ఇళ్ళకి అమెరికాలో బంధువులుంటారు. "ఏం పంపమంటారు?" అని ఫోన్ చేస్తారు. అక్కడ పెద్దవాళ్ళ కోసం అమ్మే, మ్యావ్ అంటూ దొర్లే బొచ్చు పిల్లులు బాగానే ఉంటాయి. లోపల మోటారు ఉంటుంది కాబట్టి వాటిని నీళ్ళలో ముంచి ఉతకలేం. కౌంట్స్ పడిపోయిన బిడ్డకి అది పనికిరాదు. ఛార్జరు ఉన్నది ఏదైనా పంపితే దాని మీద 100-240 వోల్టులు అని రాసుందో లేదో చూడమనండి. 110 వోల్టులదైతే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది.

నా సలహా, ఇక్కడి బజారులోనే కొనండి. కొన్ని వందల నుంచి రెండు వేల లోపు బ్యాటరీ కుక్కపిల్లలు, ఎలుగులు దొరుకుతాయి. బొమ్మలకి ఐఎస్ఐ ముద్ర 2021 జనవరి 1 నుంచి మన దేశంలో తప్పనిసరి. తీర్థాల్లో, అంటే జాతరల్లో, గుడ్డ పరిచి అమ్మేవాటి మీద అది సాధారణంగా కనిపించదు. రంగు ఊడొస్తుంది, కళ్ళు ఊడొస్తాయి. తీర్థం బొమ్మల మీద నాకూ మోజే గానీ ఈ ఒక్క పనికీ వాటి జోలికి పోవద్దు.

కొట్లో బొమ్మని చేతిలోకి తీసుకుని చూడండి. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కాకుండా రెండో చేత్తో ఎత్తగలిగేంత తేలిగ్గా ఉండాలి. కొట్టువాడు మీట నొక్కగానే గంతులేసి, పాటలు పాడి, లైట్లు వెలిగించే రకం వద్దు. అది తన ఆట తాను ఆడుకుంటుంది, బిడ్డకి చూడ్డం తప్ప పనుండదు. వీపు నిమిరితేనో, ఒళ్ళోకి తీసుకుంటేనో స్పందించేది, ఆగమంటే ఆగేది కావాలి. బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి. రూపాయి బిళ్ళలా ఉండే గుండీ (బటన్) బ్యాటరీతో నడిచేది ఎంత ముద్దుగా ఉన్నా తీసుకోకండి. పొరపాటున మింగితే రెండు గంటల్లోనే గొంతు కింద అన్నవాహికని కాల్చేస్తుంది. అలా జరిగితే వాంతి చేయించకుండా వెంటనే డ్యూటీ డాక్టరుని పిలవాలి.

సంక్రాంతి వస్తే పుంజులే లోకంగా ఉండే మన పిల్లలకి రోబో పుంజు ఒకటి ఉంటే బాగుండేది. డేగా, కాకీ, నెమలీ అని రంగుకొకటి చేసినా అమ్ముడుపోతాయి. నాకైతే బజారులో ఎక్కడా కనిపించలేదు.

నాలుగో పని: ఇంటి దగ్గరే సిద్ధం చేయండి

పైన తొడుగు తీయగలిగితే తీసి ఉతికి ఆరబెట్టండి. తీయలేనిదైతే సబ్బు నీళ్ళలో పిండిన గుడ్డతో తుడవండి. కొత్తదే కదా అని వదిలేయొద్దు, కొట్లో ఎన్ని చేతులు మారిందో తెలీదు. స్పీకరు చిల్లుల మీద రెండు పొరల టేపు అంటిస్తే చప్పుడు కొంత తగ్గుతుంది. వార్డులో ఇది చాలా అవసరం, పక్క మంచం బిడ్డ అప్పుడే నిద్రపోయి ఉండొచ్చు.

సముద్రం దగ్గర గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ కాబట్టి బ్యాటరీ తగిలే రేకులకి ఆకుపచ్చ చిలుము పడుతుంది. నాలుగు రోజులు వాడకపోతే బ్యాటరీలు తీసి పెట్టండి. ఛార్జ్ చేసుకునే పెన్సిల్ బ్యాటరీలు రెండు జతలు కొనుక్కుంటే ఖర్చు కలిసొస్తుంది. ఛార్జ్ మాత్రం వార్డు బయట చేయండి. ప్లగ్గు ఖాళీ లేదని మందు పంపు వైరు పీకి ఫోన్ పెట్టుకున్నవాళ్ళని నేను చూశాను. అది ఎవరి మంచం దగ్గరైనా సరే చేయకూడని పని.

పేరు మీరు పెట్టకండి. ఆ పని బిడ్డది.

అయిదో పని: చేతికిచ్చే రోజు

సూది ఉన్న రోజు ఇవ్వొద్దు. వెన్నులో నీరు తీసే రోజు అసలే వద్దు. ఆ నొప్పీ ఈ బొమ్మా మనసులో ఒకచోట ముడిపడిపోతాయి. జ్వరం లేని పూట, టిఫిన్ కాస్త లోపలికి వెళ్ళాక, మీట వేయకుండా మంచం కాళ్ళ వైపు పెట్టండి. "ఇదుగో చూడు, ఎలా అరుస్తుందో" అని మీరే ఆడించడం మొదలుపెట్టకండి. "దీనికి ఇక్కడ ఎవరూ తెలీదు, కొత్త" అని ఒక్క మాటని ఊరుకోండి. చాలామంది పిల్లలు మెల్లగా దగ్గరికి లాక్కుంటారు, మీట వాళ్ళే కనిపెడతారు.

మూడేళ్ళ లోపు పిల్లల్లో కొందరు కదిలే బొమ్మని చూసి జడుసుకుంటారు. అలా అయితే వెంటనే కళ్ళముందు నుంచి తీసేసి, బ్యాటరీ లేకుండా మామూలు బొమ్మలా మళ్ళీ ఎప్పుడైనా చూపించండి. పదేళ్ళు దాటినవాళ్ళు "నేనేమైనా చిన్నపిల్లాడినా" అంటారు. వాళ్ళకి ఇంకో దారి ఉంది. స్క్రూడ్రైవరు చూపించి "ఇది లోపల ఎలా పనిచేస్తుందో చూద్దామా?" అనండి. బొమ్మని ముద్దు చేయకపోయినా దానికి మెకానిక్ అవుతారు, మేలు అదే మేలు.

ఆరో పని: రోజూ దానికి ఏదో ఒక అవసరం కల్పించండి

అసలు పని ఇక్కడే ఉంది, తక్కినదంతా ఏర్పాట్లు.

పొద్దున్న బిడ్డ నోరు పుక్కిలించే ముందు బొమ్మకి మూతి తుడవమనండి. మాత్ర వేసుకునే ముందు దానికి ఉత్తుత్తి మాత్ర వేయించండి. మనం "తాగు, తాగు" అని వెంటపడితే తాగని నీళ్ళు బొమ్మతో పోటీ పెట్టుకుని తాగుతారు. సిస్టర్‌ని మంచిమాటగా అడిగితే బొమ్మ చేతికీ ఓ చిన్న ప్లాస్టరు వేస్తారు. వాడని సూదిలేని సిరంజి ఒకటి అడిగి తీసుకోండి. పారేసిన డబ్బాలోంచి మాత్రం ఏదీ తీయకూడదు. ఇప్పుడు బిడ్డ డాక్టరు, బొమ్మ పేషెంటు. "కదలొద్దు, చిటికెలో అయిపోతుంది" అని బొమ్మకి చెప్పే గొంతులో తను రోజూ విన్న మాటలన్నీ మీకు వినిపిస్తాయి. ఎవరు గట్టిగా కసిరారో, ఎవరు మెత్తగా చెప్పారో కూడా తెలిసిపోతుంది.

"నీకెలా ఉంది?" అని అడిగితే చాలామంది పిల్లలు "బానే ఉంది" అంటారు, అమ్మ ఏడుస్తుందని వాళ్ళకి తెలుసు. "ఏంటి, బుజ్జిగాడు ఇవాళ అలిగాడా?" అని బొమ్మ గురించి అడగండి. "వాడికి ఇంటికి వెళ్ళాలని ఉంది" అంటారు. "వాడికి జుట్టు ఊడిపోతుందని భయం" అంటారు. అప్పుడు "ఛ, అలాంటిదేం లేదు" అని కొట్టిపారేయకండి. "అవునా, ఇంకా ఏమంటున్నాడు?" అనండి, అంతే. అఫ్లాక్ బాతు బిళ్ళలు మనం అట్టముక్కల మీద చేసుకోవచ్చు. నవ్వు, ఏడుపు, కోపం, భయం, వికారం, నిద్ర, ఇలా గుండ్రటి ముఖాలు గీసి లామినేషన్ చేయిస్తే తుడుచుకోవడానికీ వీలుగా ఉంటుంది. మాట్లాడే ఓపిక లేని రోజు బిడ్డ ఒక బిళ్ళ తీసి బొమ్మ మెడలో వేస్తే చాలు, ఆ పూట ఎలా ఉందో మీకు తెలుస్తుంది.

హగ్గబుల్ కిటుకు మన ఫోన్లతో కూడా నడుస్తుంది. మైకు ఉన్న చిన్న బ్లూటూత్ స్పీకరుని మంచం దగ్గరి ఫోన్‌కి కలిపి, ఉతికిన గుడ్డ సంచిలో వేసి బొమ్మ వెనక కట్టండి. ఊళ్ళో ఉన్న అన్నయ్యో, మేనమామో ఫోన్ చేస్తే మాట బొమ్మ దగ్గర్నుంచి వస్తుంది. కోనసీమ యాసలో "ఏరా అబ్బాయ్, తిన్నావా?" అని ఎలుగుబంటి అడిగితే ఆ వార్డు వార్డంతా నవ్వుతుంది. మాట్లాడేది ఎవరో దాచొద్దు. చిన్నపిల్లలు తెలిసీ ఆడతారు. కొంచెం పెద్దవాళ్ళు మోసం చేశారని తెలిస్తే మందుల విషయంలో కూడా మీ మాట నమ్మరు.

అదే కారణంగా బొమ్మని ఎరగా వాడొద్దు. "కుక్కపిల్ల ఉందిగా, సూది నొప్పెట్టదు" అనకండి. నొప్పెడుతుంది. "నొప్పెడుతుంది, కాసేపే. దీన్ని గట్టిగా పట్టుకో" అనండి. "సూది వేయించుకోకపోతే బొమ్మ తీసేసుకుంటా" అన్న బెదిరింపు ఇంకా తప్పు. ఆ మంచం మీద బిడ్డ చేతిలో ఉన్నది అదొక్కటే, దాన్ని కూడా మనం లాక్కోకూడదు.

ఏడో పని: శుభ్రం

ఇది విసుగు పని, తప్పించుకోలేని పని. ప్లాస్టిక్, సిలికాన్ ఉన్న చోట ఆసుపత్రి వాళ్ళు చెప్పిన మందుతో రోజూ తుడవాలి. నేల మీద పడిన ప్రతిసారీ తుడిచాకే మళ్ళీ చేతికివ్వాలి. గుడ్డ తొడుగుకి కుట్టిన చీటీ మీద ఉతకొచ్చని రాసుంటే 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకండి. విరేచనాలున్న వార్డులో స్పిరిట్ ఒక్కటే చాలదు, కొన్ని క్రిములు దానికి చావవు. సబ్బు, నీళ్ళు కావాలి, మిగతాది సిస్టర్ చెప్పినట్టు చేయండి. బొమ్మని ముట్టుకునే ముందూ తర్వాతా బిడ్డ చేతులు కడగాలి, మీరు కూడా.

మన డెల్టాలో అసలు చిక్కు ఆరబెట్టడం. జూన్ నుంచి నవంబరు దాకా ముసురు పట్టిందంటే బట్టలే ఆరవు, ఇక దూది నిండిన బొమ్మ ఎక్కడ ఆరుతుంది? పైన పొడిగా అనిపించినా లోపల తడి ఉండి బూజు పడుతుంది. కౌంట్స్ లేని బిడ్డకి ఆ బూజు ఊపిరితిత్తుల దాకా వెళ్తే మామూలు జ్వరం కాదు, చాలా ప్రమాదం. వానాకాలంలో వైద్యం నడుస్తుంటే బొచ్చు బొమ్మ వద్దే వద్దు, పైపైన తుడిస్తే సరిపోయే రకం తీసుకోండి. లేదా పల్చటి కాటన్ గుడ్డతో రెండు తొడుగులు కుట్టించి మార్చి మార్చి తొడగండి. టైలరుకి పావుగంట పని. ముక్కిపోయిన వాసన వేస్తే ఆలోచించకుండా పారేయండి.

ఎనిమిదో పని: పక్క మంచాలు, ఇంట్లో ఉన్న తోబుట్టువులు

ప్రభుత్వాసుపత్రిలో మంచానికీ మంచానికీ మధ్య జానెడు దూరం. మీ బిడ్డ చేతిలో అరిచే కుక్కపిల్ల ఉంటే పక్క బిడ్డ కళ్ళు దాని మీదే ఉంటాయి. "కాసేపు ఇవ్వరా" అనడం మన మర్యాద, కానీ ఒక బొమ్మ ఒక బిడ్డకే. క్రిములు అలా చేతులు మారే వెళ్తాయి. దూరం నుంచి పేరు పెట్టి పిలవమనండి, బిళ్ళలు గీయమనండి, ఆటలో వాళ్ళకీ చోటు దొరుకుతుంది. ఊళ్ళో యువజన సంఘమో, పాత విద్యార్థులో వార్డుకి ఏమైనా ఇద్దామనుకుంటే ఒక్క పెద్ద రోబో కొని ఫోటో దిగడం కంటే వార్డులో ఎంతమంది పిల్లలుంటే అన్ని చిన్న బొమ్మలు, అన్ని జతల బ్యాటరీలు ఇవ్వడం మేలు. ఇంటికి వెళ్ళేటప్పుడు బొమ్మ కూడా బిడ్డతోనే వెళ్ళిపోవాలి.

ఇంట్లో అమ్మమ్మ దగ్గర వదిలేసిన చెల్లినో, తమ్ముడినో మర్చిపోకండి. నిజం దూడ బాధ్యత వాళ్ళకి అప్పగించండి. సాయంత్రం పాలు పితికే వేళకి వీడియో కాల్‌లో దూడని చూపించడం వాళ్ళ డ్యూటీ. ఇటు మంచం మీద బొమ్మ, అటు తెర మీద దూడ, రెండిటికీ పోటీ ఏమీ ఉండదు.

ఆగిపోయినప్పుడు ఏమనాలి

బ్యాటరీ అయిపోయి బొమ్మ ఆగితే "చచ్చిపోయింది" అని నోరు జారకండి. ఆ వార్డులో నిన్నటిదాకా ఉన్న బిడ్డ ఇవాళ ఎందుకు లేడో మీ బిడ్డకి సగం తెలుసు. "నిద్రపోయింది" అనడం కూడా మంచిది కాదు, రేపు తను నిద్రపోవడానికి భయపడతాడు. "బ్యాటరీ అయిపోయింది, మారుద్దాం" అని ఉన్నదున్నట్టు చెప్పండి, స్క్రూ విప్పే పని బిడ్డ చేతే చేయించి, మారుస్తూ మీరు పక్కనే ఉండండి. బాగుచేయలేనంతగా పాడైతే అది కూడా చెప్పాలి. పాత ఐబోలకి సోనీ మరమ్మతులు మానేశాక జపాన్‌లోని చిబా ప్రాంతంలో ఒక బౌద్ధాలయంలో వాటికి కర్మకాండలు జరిపించారు. పెద్దవాళ్ళే అలా బాధపడితే పిల్లలు బాధపడడంలో వింతేముంది? ఏడవనివ్వండి. వెంటనే అలాంటిదే ఇంకోటి తెచ్చి "ఇదే అది" అనొద్దు, ఒక్క చూపులో పట్టేస్తారు.

ఎప్పుడు డాక్టరుకి చెప్పాలి

బొమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడకపోవడం, తిండి మానేయడం, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేవడం రోజుల తరబడి ఉంటే బొమ్మ మీద ఆధారపడి కూర్చోకుండా డాక్టరుకి చెప్పండి. తోడుగా ఉన్న అమ్మకి కూడా నిద్ర లేదు, తిండి లేదు, డబ్బు టెన్షన్ ఒకటి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. బిడ్డ బొమ్మతో ఆడుకునే ఆ కాసేపు మీరు కింద టీ తాగి రావడానికి మొహమాటపడకండి. వెళ్ళేముందు ఎవరినైనా దగ్గర కూర్చోబెట్టండి, అంతే.

కొన్ని ఇళ్ళలో బిడ్డ ఇంటికి రాడు. అప్పుడు ఆ బొమ్మని ఏం చేయాలన్నది ఆ తల్లిదండ్రుల ఇష్టం. వెంట పంపుతారో, దాచుకుంటారో, ఎవరూ తొందరపెట్టకూడదు. "వేరే పిల్లలకి ఇద్దాం" అని బంధువులు ఆ రోజే అనకుండా చూసుకోండి.

ఇంటికి వెళ్ళాక, మళ్ళీ వచ్చేటప్పుడు

డిశ్చార్జి రోజు డాక్టరుని "దూడ దగ్గరికి ఎప్పుడు వెళ్ళొచ్చు, కోళ్ళగూడు వైపు ఎప్పుడు?" అని విడివిడిగా అడగండి, రెండిటికీ జవాబు ఒకటే కాకపోవచ్చు. ఇంటికి రాగానే బొమ్మ తొడుగు మార్చి, ఒళ్ళంతా తుడిచి, బ్యాటరీలు తీసేయండి. నిజం జంతువులున్న వసారాలో దాన్ని పెట్టొద్దు. తర్వాతి కీమోకి మళ్ళీ మంచం మీదికి వెళ్ళాల్సింది అదే. బయల్దేరే ముందు రోజు రిపోర్టుల ఫైలు పెట్టే సంచిలోనే ఉతికిన రెండో తొడుగు, ఛార్జ్ చేసిన బ్యాటరీలు, చిన్న స్క్రూడ్రైవరు, ముఖాల బిళ్ళలు సర్దండి. సర్దే పని బిడ్డకి అప్పజెప్పి, మీరు ఒకసారి చూసుకోండి.